సంతకంతో మొదలయ్యే కేసు

అమెరికాలో ఏ ఊరి మునిసిపల్ కోర్టులోనైనా పొద్దున పూట కనిపించే దృశ్యం ఇది. బెంచీల మీద ముప్పై నలభై మంది తమ వంతు కోసం కూర్చుని ఉంటారు. ఒకరిది అతివేగం, ఒకరిది తాగి కారు నడిపిన కేసు, ఇంకొకరిది దుకాణంలో డబ్బు కట్టకుండా వస్తువు బయటికి తెచ్చిన కేసు. పేరు పిలవగానే ప్రభుత్వ న్యాయవాది ఒక ఒప్పందం ముందు పెడతాడు. తప్పు ఒప్పుకుంటే జైలు లేదు. కొంత జరిమానా కట్టి, కొన్ని గంటల సమాజ సేవ చేసి, ఏడాది పాటు మరే కేసులోనూ పడకుండా ఉంటే చాలు. పక్కనున్న లాయరు కూడా సంతకం పెట్టేయమంటాడు. పది నిమిషాల్లో బయటపడతారు. ఆ మనిషి అమెరికా పౌరుడైతే వ్యవహారం దాదాపుగా అక్కడితో సరి. వీసా మీదో గ్రీన్‌కార్డు మీదో ఉన్నవాడైతే అసలు కేసు ఆ సంతకంతోనే మొదలవుతుంది.

ఆ సంగతి అతనికి తెలిసేది చాలా ఆలస్యంగా. గ్రీన్‌కార్డు ఇంటర్వ్యూలో తెలుస్తుంది, లేదా తల్లిని చూసి తిరిగి వస్తున్నప్పుడు విమానాశ్రయంలో తెలుస్తుంది, లేదా పౌరసత్వానికి వేలిముద్రలు ఇచ్చి వచ్చాక తెలుస్తుంది. అప్పటికి ఇల్లు కొనుక్కుని ఉంటాడు, అక్కడే పుట్టిన పిల్లలు బడికి వెళ్తుంటారు. మన రెండు రాష్ట్రాల్లో అమెరికాలో పిల్లలో తోబుట్టువులో లేని వీధి అరుదైపోయిన ఈ రోజుల్లో, ఈ ప్రమాదం గురించి మన ఇళ్లలో జరగాల్సినంత మాట జరగడం లేదు. చదువు అప్పు గురించి, ఉద్యోగం గురించి, హెచ్‌1బి లాటరీ గురించి గంటల తరబడి మాట్లాడుకుంటాం. పోలీసు కేసు అనే మాట రాగానే, మన పిల్లలు అలాంటివాళ్లు కాదులే అని ఊరుకుంటాం. తప్పు చేయడానికి చెడ్డవాడే కానక్కర్లేదు. ఇరవై రెండేళ్ల వయసూ, ఒక శనివారం రాత్రీ చాలు.

ముందుగా తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. కన్విక్షన్ అనే మాటకు క్రిమినల్ కోర్టులో ఉన్న అర్థం వేరు, ఇమ్మిగ్రేషన్ చట్టంలో ఉన్న అర్థం వేరు. 1996 సెప్టెంబరు 30న అప్పటి అధ్యక్షుడు బిల్ క్లింటన్ సంతకం చేసిన చట్టం ఈ రెండో అర్థాన్ని బాగా విస్తరించింది. నిందితుడు నేరం ఒప్పుకున్నా, ఒప్పుకోకుండానే పోటీ పడనని చెప్పినా, నేరాన్ని నిలబెట్టే సంగతులు నిజమేనని అంగీకరించినా, ఆపైన జడ్జి ఏదో ఒక శిక్షో ఆంక్షో విధిస్తే చాలు, అది కన్విక్షనే. తీర్పు చెప్పకుండా ఆపి, ఏడాది బుద్ధిగా ఉంటే కేసు కొట్టేస్తానని జడ్జి అన్నా, మాట ప్రకారం కొట్టేసినా, ఆ మొదటి అంగీకారం చెరిగిపోదు. రాష్ట్ర చట్టం కింద రికార్డును తుడిచేయించుకునే వీలుంది. దాన్ని ఎక్స్‌పంజ్‌మెంట్ అంటారు. ఆ తుడుపు ఇమ్మిగ్రేషన్ చట్టానికి పట్టదని ఇమ్మిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు 1999లోనే చెప్పింది. జైలు శిక్ష వేసి, దాని అమలును నిలిపివేసినా, వేసిన కాలం మొత్తం లెక్కకు వస్తుంది. ఒక్క రాత్రి కూడా జైల్లో పడుకోని మనిషికి ఏడాది శిక్ష పడినట్టు కాగితం చెబుతుంది.

మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. చేతిలో ఉన్న కాగితం మీద డిస్మిస్డ్ అని ఉంటుంది. రికార్డు లేదని లాయరు చెబుతాడు. కంపెనీ చేయించిన బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో ఏమీ రాదు. ఈ మూడూ నిజాలే. ఫెడరల్ అధికారి అడిగే ప్రశ్న మాత్రం ఈ మూడింటికీ సంబంధం లేనిది: ఆ రోజు కోర్టులో నువ్వు ఏమని ఒప్పుకున్నావు? నేరం ఒప్పుకోకుండానే, ఏ సంగతినీ అంగీకరించకుండానే చేరే డైవర్షన్ కార్యక్రమాలు కూడా కొన్నిచోట్ల ఉన్నాయి. అవి ఈ నిర్వచనంలోకి రాకుండా తప్పించుకోవచ్చు. రెండు రకాల ఒప్పందాలూ చూడడానికి ఒక్కలాగే ఉంటాయి, జరిమానా కూడా ఒకటే ఉండవచ్చు. ఒకదానిలో ఉండి రెండోదానిలో లేని ఒక్క వాక్యం మీద ఇరవై ఏళ్ల జీవితం ఆధారపడుతుంది.

ఆ వాక్యం గురించి హెచ్చరించవలసింది లాయరే కదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. హోజె పడీయా అనే ట్రక్కు డ్రైవరు హోండురస్‌లో పుట్టినవాడు. నలభై ఏళ్లకు పైగా అమెరికాలో చట్టబద్ధంగా ఉన్నాడు, వియత్నాం యుద్ధంలో ఆ దేశ సైన్యంలో పనిచేశాడు. గంజాయి రవాణా కేసులో అతని లాయరు, ఇంతకాలంగా ఉన్నావు కాబట్టి ఇమ్మిగ్రేషన్ గురించి దిగులు అక్కర్లేదని చెప్పాడు. అతను ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలుతో దేశం విడిచి వెళ్లడం దాదాపు ఖాయమైంది. క్రిమినల్ కేసు చూసే లాయరు తన కక్షిదారుకు బహిష్కరణ ప్రమాదం గురించి చెప్పితీరాలని అమెరికా సుప్రీంకోర్టు 2010 మార్చి 31న ఆ కేసులోనే తీర్పు ఇచ్చింది. అంతకుముందు పూర్తయిన కేసులకు అది వర్తించదని 2013లో మరో తీర్పు చెప్పింది. కొరియా నుంచి పదమూడేళ్ల వయసులో వచ్చి, మెంఫిస్‌లో రెస్టారెంటు నడుపుకుంటున్న జే లీకి కూడా లాయరు ఇదే భరోసా ఇచ్చాడు. అతని ఒప్పుకోలును వెనక్కి తీసుకోవడానికి 2017లో సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. బాధ్యత లాయరుదేనని కోర్టు చెప్పింది. ఆ బాధ్యత నెరవేరకపోతే నష్టపోయేది ఎవరో కూడా ఈ రెండు కేసులే చెబుతున్నాయి. ట్రాఫిక్ కేసులూ చిల్లర దొంగతనాల కేసులూ చూసే లాయరు రోజుకు పదిమందికి ఒప్పందాలు కుదురుస్తాడు. అందులో తొమ్మిదిమంది పౌరులే అయి ఉండవచ్చు. నువ్వు చెప్పకపోతే నీ వీసా సంగతి అతనికి గుర్తురాదు.

ఇమ్మిగ్రేషన్ చట్టం నేరాలను కొలిచే కొలబద్ద కూడా మనకు తెలిసిన కొలబద్ద కాదు. అగ్రవేటెడ్ ఫెలొనీ అనే మాట వింటే హత్య, ఆయుధాల వ్యాపారం లాంటివి మనసులో మెదులుతాయి. 1988లో ఆ మాటను చట్టంలోకి తెచ్చినప్పుడు నిజంగానే హత్య, మాదకద్రవ్యాల రవాణా, ఆయుధాల రవాణా మాత్రమే ఉండేవి. తర్వాతి సవరణలు, ముఖ్యంగా 1996 నాటివి, ఆ జాబితాను ఎంత పెంచాయంటే ఇప్పుడు ఏడాది శిక్ష పడిన దొంగతనం అందులో ఉంది, 10,000 డాలర్లకు మించి నష్టం కలిగించిన మోసం ఉంది. ఆ ఏడాది శిక్షను అమలు చేయకుండా ఆపేసినా అంతే. రాష్ట్రం దృష్టిలో మిస్‌డిమీనర్ అయిన చిన్న నేరం ఇలా ఫెడరల్ పుస్తకంలో ఘోరనేరమై కూర్చుంటుంది. తప్పుడు ఇన్‌కమ్ టాక్స్ రిటర్ను వేసినట్టు ఒప్పుకున్న ఒక జపనీస్ దంపతులను ఆ మోసం క్లాజు కిందే బహిష్కరించవచ్చని 2012లో సుప్రీంకోర్టు సమర్థించింది. వాళ్లు 1984 నుంచి గ్రీన్‌కార్డు మీద ఉంటున్నవాళ్లు. చిన్న వ్యాపారాలూ కన్సల్టెన్సీలూ నడిపే మనవాళ్లు ఈ తీర్పును ఒకసారి గుర్తు పెట్టుకోవాలి. 1990 నవంబరు 29 తర్వాత ఈ జాబితాలోని నేరానికి కన్విక్షన్ పడినవారికి పౌరసత్వం తలుపు శాశ్వతంగా మూసుకుపోతుంది. అయిదేళ్లు ఆగినా, యాభై ఏళ్లు ఆగినా తెరుచుకోదు.

ఇంతటి కఠినత్వానికి కొన్ని రాష్ట్రాలే విరుగుడు వెతుక్కున్నాయి. మిస్‌డిమీనరుకు గరిష్ఠ శిక్షను 365 రోజుల నుంచి 364 రోజులకు తగ్గించాయి. వాషింగ్టన్ 2011లో, కాలిఫోర్నియా 2015లో, న్యూయార్క్ 2019లో ఆ పని చేశాయి. ఒక్క రోజు తగ్గించడం కోసం శాసనసభలు చట్టాలు చేయవలసి వచ్చిందంటే ఆ ఒక్క రోజు ఎన్ని కుటుంబాలను విడదీసి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఆ మార్పు రాని రాష్ట్రాల్లో కూడా మన విద్యార్థులున్నారు.

మాదకద్రవ్యాల విషయంలో చట్టం మరీ కర్కశం. ఇది మన పిల్లలకు ప్రత్యేకంగా చెప్పవలసిన మాట, ఎందుకంటే హాస్టల్ గదుల్లో పరీక్షల ముందు చేతులు మారే మాత్రలు కూడా ఇందులోకే వస్తాయి. ట్యునీషియా నుంచి 2004లో విద్యార్థి వీసా మీద వచ్చిన మెల్లూలీ అనే యువకుడు అనువర్తిత గణితంలోనూ ఆర్థికశాస్త్రంలోనూ మాస్టర్స్ చేశాడు, యూనివర్సిటీలో గణితం చెప్పాడు, బీమా లెక్కల నిపుణుడిగా ఉద్యోగం చేశాడు, గ్రీన్‌కార్డు తెచ్చుకున్నాడు. 2010లో కాన్సస్‌లో తాగి నడిపినందుకు అరెస్టయ్యాడు. జైల్లో తనిఖీ చేస్తే మేజోడులో నాలుగు మాత్రలు దొరికాయి. అడరాల్ అనే ఏకాగ్రత మందు. మాత్రలు దాచుకున్న మేజోడును మాదకద్రవ్య సామగ్రిగా లెక్కవేసి కేసు కుదిర్చారు. ఒప్పుకున్నాడు, ప్రొబేషన్ కూడా పూర్తి చేశాడు. ఆ తర్వాత ఇమ్మిగ్రేషన్ అధికారులు వచ్చి పట్టుకున్నారు. 2012లో దేశం నుంచి పంపేశారు. ఆ బహిష్కరణ చెల్లదని 2015లో సుప్రీంకోర్టు 7-2 తేడాతో తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు వచ్చేనాటికి అతను వెళ్లిపోయి మూడేళ్లు. చదువు, ఉద్యోగం, పెళ్లి నిశ్చయం, గ్రీన్‌కార్డు, మన పిల్లల జీవితాల్లో మనం కోరుకునేవన్నీ అతని జీవితంలో ఉన్నాయి.

గంజాయి మరో ఉచ్చు. 2012లో కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాలు దాన్ని చట్టబద్ధం చేశాయి. ఇప్పుడు దాదాపు సగం రాష్ట్రాల్లో పెద్దవాళ్లు దుకాణానికి వెళ్లి కొనుక్కోవచ్చు. ఫెడరల్ చట్టంలో మాత్రం అది ఇప్పటికీ నిషిద్ధ పదార్థమే. రాష్ట్ర చట్టం అనుమతించినా సరే, గంజాయి వాడకమూ, ఆ దుకాణాల్లో ఉద్యోగమూ పౌరసత్వానికి అడ్డమేనని పౌరసత్వ, వలస సేవల సంస్థ యూఎస్‌సీఐఎస్ 2019 ఏప్రిల్‌లో ప్రకటించింది. ఇక్కడ అరెస్టు కూడా అవసరం లేదు. ఇంటర్వ్యూలో అధికారి అడిగితే, అవును, డెన్వర్ వెళ్లినప్పుడు ఒకసారి తీసుకున్నాను అని ఒప్పుకోవడమే చాలు. చిన్న మొత్తం విషయంలో, 30 గ్రాముల లోపు ఒక్కసారి దగ్గర పెట్టుకున్న కేసుకు, చట్టంలో కొంత మినహాయింపు ఉంది. అది ఎక్కడ వర్తిస్తుందో, ఎక్కడ వర్తించదో తేల్చడం లాయర్లకే కష్టం.

తాగి నడపడం గురించి వేరే మాట చెప్పాలి. అది చట్టం చిన్నదాన్ని పెద్దది చేసి చూసే నేరం కాదు. ఎదుటివాడి ప్రాణం తీసే నేరం. అమెరికా రోడ్ల మీద మన పిల్లలే ఎందరో తాగినవాళ్ల కార్ల కింద పోయారు. కాబట్టి ఈ విషయంలో కఠినంగా ఉన్నందుకు మేము ఆ దేశాన్ని తప్పు పట్టం. తెలియవలసింది తెలియాలి అంతే. అరెస్టు మాత్రమే జరిగి, కోర్టు ఇంకా ఏమీ తేల్చకముందే, వీసాను రద్దు చేసే అధికారం కాన్సులేట్లకు 2015 నుంచి ఉంది. పౌరసత్వ అర్జీకి ముందటి కాలంలో ఇలాంటి కన్విక్షన్లు రెండు ఉంటే ఆ మనిషికి సత్ప్రవర్తన లేదనే ముందుగా భావించాలని 2019లో అటార్నీ జనరల్ నిర్ణయించారు. లేదని కాదు, ఉందని నిరూపించుకునే భారం అర్జీదారు మీద పడింది.

సత్ప్రవర్తన అనే ఈ మాటే పౌరసత్వానికి గడప. మామూలుగా అర్జీకి ముందు అయిదేళ్లు, పౌరుల్ని పెళ్లి చేసుకున్నవారికి మూడేళ్లు ఈ సత్ప్రవర్తన ఉండాలి. ఆ కాలంలో 180 రోజులు జైల్లో గడిపితే కుదరదు. ప్రొబేషన్ నడుస్తుండగా అర్జీ ఆమోదం పొందదు. అయిదేళ్లు దాటిన పాత సంగతులను కూడా అధికారి తవ్వవచ్చు. 2025 ఆగస్టు 15న యూఎస్‌సీఐఎస్ ఇచ్చిన కొత్త ఆదేశం ఈ గడపను ఇంకా ఎత్తు చేసింది. నేరాలు లేకపోతే చాలదు, మంచి పనులు చూపించాలి అంటోంది. సాంకేతికంగా చట్టవిరుద్ధం కాకపోయినా పౌర బాధ్యతకు తగని ప్రవర్తన ఉందేమో చూడమంటోంది. నిర్లక్ష్యంగా, పదే పదే చేసిన ట్రాఫిక్ ఉల్లంఘనలను అందుకు ఉదాహరణగా పేర్కొంది. 1991 నుంచి ఆపేసిన ఇరుగుపొరుగు విచారణలను కూడా అదే నెలలో మళ్లీ మొదలుపెడుతున్నట్టు ప్రకటించింది. స్పష్టమైన నియమం ఉన్నచోట మనిషి జాగ్రత్త పడగలడు. అధికారి అభిప్రాయమే నియమమైనచోట ఎలా జాగ్రత్త పడాలో ఎవరు చెప్పగలరు? ఈ ఆదేశం అన్యాయమని మేము భావిస్తున్నాం. అన్యాయమైనా అమల్లో ఉంది.

దుకాణాల్లో దొంగతనం గురించి రాయడానికి మనసు ఒప్పడం లేదు, కానీ రాయాలి. ఈ కేసుల్లో తెలుగు విద్యార్థుల పేర్లు వార్తల్లోకి వస్తున్నాయి. 2025 జులైలో దాడి, దొంగతనం, ఇంట్లో చొరబడడం వంటి నేరాలు వీసా రద్దుకు దారి తీస్తాయని ఢిల్లీలోని అమెరికా రాయబార కార్యాలయం భారతీయులను బహిరంగంగా హెచ్చరించవలసి వచ్చింది. ఆ దేశ చట్టంలో దొంగతనం నైతిక పతనానికి సంబంధించిన నేరాల తరగతిలోకి వస్తుంది. 1891 నుంచి ఉన్న మాట అది. నిర్వచనం అస్పష్టంగా ఉందన్న వాదనను సుప్రీంకోర్టు 1951లోనే తోసిపుచ్చింది. దేశంలోకి ప్రవేశించిన అయిదేళ్లలోపు, ఏడాది శిక్షకు వీలున్న అలాంటి నేరం ఒక్కటి చాలు, బహిష్కరణకు కారణమవుతుంది. వేర్వేరు సందర్భాల్లో రెండు చేస్తే కాలపరిమితి కూడా లేదు. పది డాలర్ల లిప్‌స్టిక్ అయినా లెక్క ఒకటే. స్వీయ చెక్‌అవుట్ యంత్రం దగ్గర ఒక వస్తువు స్కాన్ చేయకుండా సంచిలో వేసుకునే అమ్మాయికి ముందే ఈ మాట ఎవరైనా చెప్పి ఉంటే బాగుండును.

ఇంటి గొడవల విషయం ఇంతకన్నా సున్నితం. భార్యాభర్తల మధ్య చెయ్యి చేసుకోవడాన్ని ఇక్కడ పెద్దమనుషుల దగ్గర సర్దుబాటు చేసుకునే అలవాటు మనకుంది. అక్కడ చాలా రాష్ట్రాల్లో ఫోను రాగానే పోలీసులు వచ్చి అరెస్టు చేస్తారు. గృహహింసలో కన్విక్షన్ పడినా, దూరంగా ఉండమన్న కోర్టు ఉత్తర్వును ఉల్లంఘించినా, 1996 చట్టం ప్రకారం గ్రీన్‌కార్డు ఉన్నవారిని కూడా పంపేయవచ్చు. దీన్ని చూపించి, కేసు పెడితే అందరం ఇండియా పోవాలి అంటూ దెబ్బలు తిన్న ఆడపిల్ల నోరు మూయించే పెద్దలున్నారు. అది క్షమించరాని పని. పౌరుడో గ్రీన్‌కార్డు ఉన్నవాడో అయిన భర్త చేతిలో హింసకు గురైన భార్య, అతని మీద ఆధారపడకుండా సొంతంగా అర్జీ పెట్టుకోవడానికి ఆ దేశంలో 1994 నుంచి చట్టం ఉంది. నేర బాధితులకు యూ వీసా ఉంది. ఆమె పోలీసులను పిలవాలి. పిలిచే హక్కు ఆమెది, చెయ్యెత్తిన ఫలితం అతనిది.

మన సమాజానికి ఈ ప్రమాదం ఇతరులకన్నా ఎక్కువ కావడానికి ఒక కారణం ఉంది, అది మన తప్పు కాదు. ఉద్యోగ ఆధారిత గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించి ఇవ్వరాదన్న నియమం వల్ల భారతీయులు దశాబ్దాల తరబడి వరుసలో నిలబడుతున్నారు. చిన్న దేశం నుంచి వచ్చిన సహోద్యోగి రెండు మూడేళ్లలో గ్రీన్‌కార్డు, మరో అయిదేళ్లలో పౌరసత్వం తెచ్చుకుంటే, అదే ఆఫీసులో అదే రోజు చేరిన గుంటూరు అబ్బాయి ఇరవై ఏళ్లయినా వీసా పొడిగింపుల మీదే ఉంటాడు. అంటే ఒక పొరపాటు దేశం నుంచి పంపేసేంత పెద్దదయ్యే కాలం, అతనికి ఎన్నో ఏళ్లు ఎక్కువ. తాత్కాలికంగా వచ్చినవాడికి తాత్కాలిక నియమాలు పెట్టారు. యౌవనమంతా తాత్కాలికంగానే గడిచిపోయే మనిషి గురించి ఆ చట్టం ఆలోచించలేదు.

ఈ ఆలస్యం పిల్లల మీద కూడా పడుతుంది. తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులైతే, వాళ్ల దగ్గర ఉంటున్న, గ్రీన్‌కార్డు ఉన్న, పద్దెనిమిదేళ్లు నిండని బిడ్డకు దానంతట అదే పౌరసత్వం వస్తుంది. 2001 ఫిబ్రవరి 27 నుంచి అమల్లో ఉన్న చట్టం అది. అర్హత వచ్చినా, ఇండియా పాస్‌పోర్టు మీద మమకారంతోనో తీరిక లేకనో తండ్రి రెండేళ్లు ఆలస్యం చేస్తే, బిడ్డకు పద్దెనిమిది నిండిపోతాయి. ఊహ తెలిసినప్పటి నుంచి అమెరికాలో పెరిగిన ఆ కుర్రవాడు కాలేజీలో ఒక కేసులో ఇరుక్కుంటే, తనకు గుర్తులేని దేశానికి పంపేయడానికి వీలుంటుంది. తండ్రి సమయానికి అర్జీ పెట్టి ఉంటే అదే కుర్రవాడికి ఆ ప్రమాదం ఉండేదే కాదు. ఇండియా మీద ప్రేమకు, విదేశీ పౌరసత్వం తీసుకున్న భారతీయులకు మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు ఉంది. ఆ కార్డుకు కూడా మన ప్రభుత్వం 2025 ఆగస్టులో షరతులు బిగించింది: రెండేళ్లు, అంతకు మించి శిక్ష పడినా, ఏడేళ్లు, అంతకు మించి శిక్షకు వీలున్న నేరంలో ఛార్జిషీటు దాఖలైనా దాన్ని రద్దు చేయవచ్చు.

ఇక అసలైన హెచ్చరిక. పాత కేసు ఉన్నవారికి పౌరసత్వ అర్జీ పెట్టడమే ప్రమాదం కావచ్చు. ఎన్‌-400 అనే ఆ పత్రం, ఎప్పుడైనా, ఎక్కడైనా అరెస్టయ్యారా, పోలీసులు పట్టుకున్నారా, అభియోగం మోపారా అని అడుగుతుంది. కేసు కొట్టేసినా, రికార్డు తుడిచేసినా చెప్పమంటుంది. అరెస్టు కాకుండా చేసిన నేరాలేమైనా ఉన్నాయా అని కూడా అడుగుతుంది. వేలిముద్రలు ఎఫ్‌బీఐకి వెళ్తాయి. ఆన్‌లైన్‌లో 710 డాలర్లు కట్టి, పౌరసత్వం అడగడానికి వెళ్లిన మనిషికి, నీ పాత కన్విక్షన్ బహిష్కరణకు తగినది అంటూ ఇమ్మిగ్రేషన్ కోర్టు నోటీసు చేతికి రావచ్చు. అప్పటిదాకా పదిహేనేళ్లుగా ఎవరూ అడగని ఫైలును అతనే తెరిచి ఇచ్చినట్టవుతుంది. ఆ కోర్టులో లాయరును ప్రభుత్వం ఇవ్వదు. డబ్బుంటే పెట్టుకోవాలి, లేకపోతే తనే మాట్లాడుకోవాలి. బహిష్కరణ శిక్ష కాదని 1893లో సుప్రీంకోర్టు చెప్పిన మాట మీద ఈ ఏర్పాటు ఇంకా నిలబడి ఉంది.

అలాగని దాచడం దారి కాదు. దాచడం అన్నింటికన్నా పెద్ద ప్రమాదం. చెప్పి ఉంటే క్షమించే చిన్న కేసు, దాచినందుకు ప్రమాణం చేసి చెప్పిన అబద్ధంగా మారుతుంది. ఆ అబద్ధం పౌరసత్వం వచ్చిన తర్వాత కూడా వెంటాడుతుంది. పౌరసత్వాల రద్దు కేసులకు ప్రాధాన్యం ఇవ్వాలని అమెరికా న్యాయశాఖ 2025 జూన్‌లో తన లాయర్లకు ఆదేశించింది. ఏ అబద్ధానికైనా రద్దు చేయలేరు, అది పౌరసత్వం రావడంలో పాత్ర వహించినదై ఉండాలి అని సుప్రీంకోర్టు 2017లో ఒక హద్దు గీసింది. ఆ హద్దుకు ఇవతల ఉన్నామో అవతల ఉన్నామో పరీక్షించుకునే పరిస్థితిని ఎవరూ కొనితెచ్చుకోకూడదు.

ఇండియాలోని కేసులు కూడా ఆ ప్రశ్నలో భాగమేనన్న సంగతి చాలామందికి తట్టదు. హైదరాబాద్‌లో డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీలో దొరికి, కోర్టుకు వెళ్లి తప్పు ఒప్పుకుని జరిమానా కట్టి వచ్చిన రోజును మనం మరచిపోతాం. పెళ్లి చెడినప్పుడు పెట్టిన 498-ఏ కేసు, 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షన్, లోక్ అదాలత్‌లో రాజీ అయిపోతే ఇక లేనట్టే అనుకుంటాం. అరెస్టు జరిగి ఉంటే అది చెప్పాల్సిన సంగతే. రాజీ పత్రం, కోర్టు ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ తెచ్చి పెట్టుకోవాలి. ఆ కాపీ కోసం ఇరవై ఏళ్ల తర్వాత కోర్టు రికార్డు రూముకు వెళ్లి వెతికించడం ఎంత కష్టమో వెతికించినవాళ్లకు తెలుసు.

ప్రయాణం గురించి ఒక మాట. గ్రీన్‌కార్డు ఉంది కదా అని పాత కేసున్నవారు ఇండియా ప్రయాణం పెట్టుకుంటారు. కొన్ని రకాల నేరాలున్నవారిని చట్టం, బయటికి వెళ్లి తిరిగి వచ్చేటప్పుడు, మొదటిసారి వస్తున్నవారిగానే చూస్తుంది. 1994లో ఒక నేరం ఒప్పుకున్న వార్టెలస్ అనే గ్రీసు దేశస్థుడు 2003లో వారం రోజుల పాటు తల్లిదండ్రులను చూసి వచ్చాడు. తిరిగి వచ్చిన రోజున విమానాశ్రయంలోనే అతని కేసు మొదలైంది. 1996 చట్టం అంతకుముందటి ఒప్పుకోలుకు వర్తించదని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2012 వచ్చింది. 1996 తర్వాత ఒప్పుకున్నవారికి ఆ తీర్పు అండగా ఉండదు.

2025 వసంతంలో జరిగింది ఇంకా తాజాగానే ఉంది. విద్యార్థుల పేర్లను ఫెడరల్ పోలీసు డేటాబేస్‌తో సరిచూసి, ఎక్కడో ఒకచోట పోలీసులతో పని పడిన వేలాది మంది విద్యార్థి రికార్డులను ఒక్క దెబ్బకు రద్దు చేశారు. కేసు కొట్టేసినవాళ్లు, ట్రాఫిక్ టికెట్ మాత్రమే ఉన్నవాళ్లు కూడా అందులో ఉన్నారు. నష్టపోయినవారిలో భారతీయులు చాలామంది. కోర్టులు వరుసగా అడ్డుపడడంతో ఏప్రిల్ 25న ప్రభుత్వం వెనక్కి తగ్గి రికార్డులను పునరుద్ధరిస్తున్నట్టు ప్రకటించింది. కోర్టుకు వెళ్లినవాళ్లు దక్కించుకున్నారు. భయపడి వారం రోజుల్లో విమానమెక్కేసినవాళ్లు చదువు మధ్యలో వదిలేసి వచ్చారు.

అరెస్టయిన కుర్రవాడు మొదట చేసే పని ఏమిటో మనకు తెలుసు. ఇంట్లో తెలియకూడదు అనుకుంటాడు. రూమ్మేట్‌ను అడుగుతాడు, వాట్సాప్ గ్రూపులో పేరు చెప్పకుండా ప్రశ్న పెడతాడు. నాకూ ఇలాగే అయింది, ఫైను కట్టేశాను, ఏమీ కాలేదు అని ఎవరో జవాబిస్తారు. ఆ జవాబిచ్చిన మనిషి ఇంకా పౌరసత్వానికి అర్జీ పెట్టలేదు కాబట్టి ఏమీ కాలేదు. పరువు పోతుందన్న భయమే మన పిల్లలను తొందరపాటు సంతకం వైపు తోస్తోంది. బిడ్డ ఫోను చేసి, నాన్నా, పోలీసులు పట్టుకున్నారు అన్నప్పుడు తిట్టడానికి తర్వాత చాలా సమయం ఉంటుంది. ఆ రోజున మాత్రం లాయరుకు డబ్బు పంపాలి.

తానా, ఆటా, నాట్స్ వంటి అమెరికాలోని తెలుగు సంఘాలు మహాసభల్లో ఈ విషయానికి ఒక పూట కేటాయించాలి. క్రిమినల్ కేసుల్లో ఇమ్మిగ్రేషన్ పర్యవసానాలు తెలిసిన లాయర్ల జాబితా ప్రతి నగరంలో తెలుగువారి చేతిలో ఉండాలి. ప్రయాణానికి ముందు విద్యార్థులకు సూట్‌కేసులో ఏం పెట్టుకోవాలో చెప్పే కన్సల్టెన్సీలు, అరెస్టయితే ఏం చేయాలో కూడా చెప్పాలి. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాల ప్రవాస విభాగాలు ఈ సమాచారాన్ని తెలుగులో అచ్చువేసి, బయల్దేరే ప్రతి విద్యార్థి చేతిలో పెట్టడం పెద్ద ఖర్చు కాదు.

ఇప్పటికే పాత కేసు ఉన్నవారు నిరాశపడవద్దు. ఎఫ్‌బీఐ నుంచి మీ రికార్డు 18 డాలర్లకు మీరే తెప్పించుకోవచ్చు. కోర్టు నుంచి తుది ఉత్తర్వు కాపీ తీసుకోండి. రెండూ చూడకుండా ఎన్‌-400 నింపవద్దు, విమానం టికెట్ కొనవద్దు. అప్పటి లాయరు ప్రమాదం చెప్పకపోతే ఆ ఒప్పుకోలును చట్టపరమైన లోపం కింద రద్దు చేయించుకునే దారి కొన్నిచోట్ల ఉంది; కాలిఫోర్నియాలో 2017 నుంచి అందుకు ప్రత్యేక చట్టమే ఉంది. కష్టంలో ఉన్నామని జాలితో రద్దు చేయించుకుంటే మాత్రం ఇమ్మిగ్రేషన్ అధికారులు ఒప్పుకోరు. ఏ కారణం మీద రద్దయిందో ఉత్తర్వులో రాసి ఉండాలి.

ఈ వారం కోర్టు తేదీ ఉన్నవారు ఒక్క పని చేయండి. ఎంత చిన్న కేసైనా, ఎంత మంచి ఒప్పందమైనా, నేను ఈ దేశ పౌరుణ్ణి కాదు, ఇమ్మిగ్రేషన్ లాయరును సంప్రదించడానికి వాయిదా కావాలి అని మీ లాయరు చేత జడ్జిని అడిగించండి. ఆ కాగితం మీద సంతకం పెట్టకముందే దాన్ని ఇమ్మిగ్రేషన్ లాయరుకు చూపించండి.